మర్రిచెట్ల కింద సెకండ్ గేర్

మా ఊరు కనకమామిడి, ఆఫీసు గచ్చిబౌలి. రోజూ ఈ దారిలోనే తిరిగేవాడికి లాంగ్ డ్రైవ్ అంటే నవ్వొస్తుంది. కానీ శనివారం పొద్దున్నే మీలో చాలామంది మా ఊరి మీదుగానే అనంతగిరికి పోతుంటారు కదా, నవంబరు రెండో శనివారం నేనూ పోయా. పక్క సీట్లో నాన్న.

అమ్మ వద్దంది. దానికి కారణం ఉంది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది పోయారు. అప్పటికి వారం కూడా కాలేదు. 'మెల్లగ పోతం తియ్' అని నాన్నే ఒప్పించాడు.

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు, దానికి అటూఇటూ దాదాపు 900 మర్రిచెట్లు. ఎండ పడితే ఫోన్ తీయకుండా ఉండలేరు. రోడ్డు వెడల్పు చేద్దామంటే చెట్ల కోసం కేసు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. చెట్లు ఉండాలని ఆన్‌లైన్‌లో నేనూ సంతకం పెట్టా. అదే మాట నాన్నతో అన్నా. ఆయన ఏళ్ల తరబడి తెల్లవారుజామున మూడింటికి బంతిపూలు, చామంతులు వేసుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు ఇదే రోడ్డు మీద పోయినోడు.

'చెట్టు నాకు మాత్రం వద్దా బిడ్డా? ఎదురుంగ లారీ వస్తే దిగనీకి జాగ లేదు, పక్కన మొద్దు ఉంటది. చెట్లను నడుమ పెట్టి అవతల ఇంకో రోడ్డు ఎయ్యాలె. ఏండ్లు గడవనిచ్చిన్రు.'

నా దగ్గర జవాబు లేదు. సంతకం పెట్టడానికి నాకు పట్టింది పది సెకన్లు.

అనంతగిరి ఎక్కాక గాలి మారింది. ఎర్రమట్టి, వానలకు ఒత్తుగా పెరిగిన అడవి, కార్తీకమాసం కాబట్టి పద్మనాభస్వామి గుడి దగ్గర జనం. మనం నగరంలో ముక్కు మూసుకుని దాటే మూసీ ఈ కొండల్లోనే పుడుతుంది, తెలుసా?

కోటిపల్లి చెరువు వైపు మ్యాప్ చూపించిన అడ్డదారి పట్టా. తప్పు చేశా. కిలోమీటరుకే తారు అయిపోయింది. వాన నీళ్లు కోసిన గాళ్లు, మధ్యలో రాళ్లు. నా చిన్న కారు కింద టంగుమని ఒక శబ్దం... ఇంజిన్ ఆయిల్ పోయిందేమో అని గుండె ఆగింది. నాన్న దిగి, వంగి కిందికి చూశాడు. 'ఏం కాలే. గాడిల పెట్టకు, ఒక చక్రం గడ్డి మీద, ఒకటి నడుమ గట్టు మీద పెట్టు. బ్రేక్ మీద కాలు తియ్.' ఆయన వెనక్కి నడుస్తూ చెయ్యి ఊపుతుంటే, ఫస్ట్ గేర్‌లో అరగంట. మ్యాప్ మాత్రం ఎనిమిది నిమిషాలే అంటోంది.

మెయిన్ రోడ్డెక్కాక ఒక అవ్వ దగ్గర సీతాఫలాలు కొన్నాం. సీజన్ ఆఖరు, కాయలు చిన్నవి, తీపి మాత్రం తగ్గలేదు. చీకటి పడకముందే బయల్దేరాలని నాన్న ఒకటే తొందర.

మీర్జాగూడ దగ్గరికి వచ్చేసరికి ఆయన మాట్లాడటం ఆపేశాడు. నేను పాట ఆపేశా. ముందు టిప్పర్ ఉంది, ఓవర్‌టేక్ చేయలేదు. ఫోన్ మోగింది, అమ్మ.

'యాడిదాక వచ్చిన్రు?'

'వచ్చేసినం, పది నిమిషాలు' అన్నాడు నాన్న. నిజానికి ఇంకా ఎక్కువే పట్టింది.