నెలకు నలుగురే అనుకుంటే 40 వయల్స్ చాలవు

వానాకాలం పనులు ఊపందుకోగానే హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పాము కాట్లు మొదలవుతాయి. పత్తి చేనులో కలుపు తీస్తూ ఒకరు, రాత్రి బాయి కాడికి మోటారు వేయడానికి పోయి ఇంకొకరు, ఇంట్లో నేల మీద పడుకున్న పిల్లవాడు మరొకరు. ఆటోలో మోసుకొచ్చిన ఇంటివాళ్లు గుమ్మంలోనే అడుగుతారు, "సార్, మందున్నదా?" అని. బతుకుతాడా అని అడగడం ఆ తర్వాతే.

మందు ఉందా లేదా అన్నది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్ చేతిలో లేదు. రెండు మూడు నెలల కిందట ఇండెంట్ కాగితం మీద ఎవరో రాసిన అంకె దాన్ని నిర్ణయిస్తుంది. ఆరోగ్య పేజీలో స్టోర్ రూమ్ లెక్కలేమిటని అనుకోవద్దు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఇంజెక్షన్ మన దగ్గరే తయారవుతుంది. మందు లేని జబ్బు కాదిది. సమయానికి మందు అందితే చాలామంది బతుకుతారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఒక ఆసుపత్రికి విషం ఎక్కినవాళ్లు నెలకు సగటున నలుగురు వస్తారనుకుందాం. లెక్క సులువుగా ఉండాలని తీసుకున్న అంకె ఇది. మొదటి విడతలోనే ఒక్కొక్కరికి 10 వయల్స్ దాకా కావాలి. పిల్లలకైనా డోసు తగ్గదు, ఎందుకంటే పాము పిల్లవాడని చూసి తక్కువ విషం వదలదు. నలుగురికీ కలిపి 40 వయల్స్ అవుతాయి. స్టోర్‌లో 40 పెట్టాం కాబట్టి సరిపోయిందని అనిపిస్తుంది.

సరిపోదు. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే ఇలాంటి ఘటనలకు పాయిజాన్ విభాజనం వాడతారు. ఇంటర్ రెండో సంవత్సరం గణితం చదువుతున్న మీ పిల్లల్ని అడగండి, చెబుతారు. ఆ లెక్క ప్రకారం సగటు నలుగురే అయినా, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది వచ్చే నెలలు 100కి 37 ఉంటాయి. అంటే మూడు నెలల్లో ఒకసారికి పైగా మందు చాలదు. 80 వయల్స్ ఉంచితే కొరత పడే నెలలు 100కి రెండుకు తగ్గుతాయి. వాస్తవం ఇంకా కఠినంగా ఉంటుంది. వాన పడిన వారంలో కేసులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, వేసవిలో ఒక్కటీ రాకపోవచ్చు. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి జులైకి ఇండెంట్ పెట్టడం, వారం సరిపడే బియ్యం తెచ్చి పెళ్లి భోజనాలకు కూర్చోవడం లాంటిదే.

అలాగైతే ఎంత మిగులు పెట్టాలి? దీనికీ ఒక పద్ధతి ఉంది. పొద్దున పేపర్లు అమ్మే కుర్రాడి లెక్క అని దానికి పేరు. మిగిలితే ఎంత నష్టం, తక్కువైతే ఎంత నష్టం, ఈ రెంటినీ తూచి ఎన్ని కాపీలు తీసుకోవాలో తేల్చుకోవాలి. కొరత నష్టం మిగులు నష్టానికి 49 రెట్లుంటే, 100లో 98 సార్లు సరిపడేలా పెట్టుకోవాలని లెక్క చెబుతుంది. మన ఉదాహరణలో అదే 80 వయల్స్. నిజానికి పేపర్ మర్నాటికి చిత్తు కాగితం. పొడి రూపంలో ఉండే పాము మందు వయల్ మాత్రం ఏళ్ల తరబడి నిలువ ఉంటుంది, ఈ నెల వాడనిది వచ్చే నెలకు పనికొస్తుంది. అటు వైపున ఉన్నది ప్రాణం. 49 రెట్లు అనడానికి కూడా నాకు మనసొప్పదు.

అనిశ్చితిలో నిల్వ ఎంత ఉండాలన్న గణితానికి 1951లో పునాది వేసిన ముగ్గురిలో కెన్నెత్ ఆరో ఒకరు. వైద్యంలో అనిశ్చితి గురించి 1963లో ప్రసిద్ధ వ్యాసం రాసిందీ ఆయనే. రెండూ వేర్వేరు విషయాలని మనం అనుకుంటాం గానీ రాత్రి రెండు గంటలకు క్యాజువాలిటీలో ఉంటే ఆ తేడా కనిపించదు.

ప్రతి ఆసుపత్రీ 80 పెట్టుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుందని అంటారు. అందులో నిజం ఉంది. అలాంటివి పది ఆసుపత్రులుంటే 800 వయల్స్. అదే పదింటికీ ఒకే చోట నిల్వ పెడితే సుమారు 540తో అంతే భరోసా వస్తుంది, ఎందుకంటే ఒకచోట ఎక్కువైన నెల ఇంకోచోట తక్కువ ఉంటుంది. ఉమ్మడి జిల్లా కేంద్రాల్లో మందుల గిడ్డంగులు పెట్టడం వెనుక ఉన్న సూత్రం ఇదే. కానీ గణితానికి రోడ్డు తెలియాలి. హుస్నాబాద్ 2016 అక్టోబర్‌లో కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాకు మారింది. కరీంనగర్ అయినా సిద్దిపేట అయినా ఇక్కడి నుంచి 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. కట్లపాము కరిచి కనురెప్పలు వాలిపోతున్నవాడికి గిడ్డంగిలో మందు ఉందన్న మాట అక్కరకు రాదు. కాబట్టి బీపీ మాత్రలు, విటమిన్లు గిడ్డంగిలో ఉన్నా నష్టం లేదు. పాము మందు, కుక్క కాటు టీకా మాత్రం ఊరికి దగ్గరలోనే ఎక్కువగా ఉండాలి. అన్ని మందులకూ ఒకే నియమం పెట్టడమే మనం చేసే పెద్ద తప్పు.

ఇళ్లలోనూ ఇదే లెక్క. బీపీ, షుగర్ మాత్రల వాడకంలో అనిశ్చితి దాదాపు ఉండదు. పది రోజులవి మిగిలి ఉన్నప్పుడే తెచ్చుకుంటే చాలు. ఆరు నెలలవి కొని బీరువాలో పెట్టడం ఎవరికీ మంచిది కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెమ్‌డెసివిర్ కోసం ఏం జరిగిందో చూశాం. దొరకదేమో అని అవసరం లేనివాళ్లు కూడా వెతికారు, అందువల్లే అవసరమైనవాళ్లకు దొరకలేదు. భయంతో పెట్టిన ఆర్డర్‌ను పైవాళ్లు నిజమైన అవసరం అనుకుంటారు.

దీనికి తలకిందులైన తప్పు ఆసుపత్రి రిజిస్టర్లలో జరుగుతుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట వానాకాలం మధ్యలో పాము మందు అయిపోయింది. సుమారు ఐదు వారాల పాటు వచ్చినవాళ్లందరినీ 108 ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాం. మరుసటి ఏడాది ఇండెంట్ రాసేటప్పుడు ఫార్మసిస్ట్ రిజిస్టర్ తిరగేశాడు. ఆ ఐదు వారాలకు వాడకం సున్నా. ఆ సున్నా సగటులో కలిసింది, ఇండెంట్ తగ్గింది, మళ్లీ అదే కాలంలో మందు అయిపోయింది. కిందటేడు వాడకం తక్కువే కదా అని పైనుంచి మమ్మల్నే అడిగారు. ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను, చూడకుండానే.

మన రాష్ట్రంలో మందుల నిల్వలు ఈ-ఔషధి అనే కంప్యూటర్ వ్యవస్థలో నమోదవుతాయి. ఏ స్టోర్‌లో ఏముందో చూడటానికి అది బాగా పనికొస్తుంది. అయితే ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఇచ్చిన మందునే లెక్క పెడుతుంది. ఇవ్వలేకపోయిన మందు క్యాజువాలిటీ రిజిస్టర్‌లో 'రిఫర్' అనే ఒక్క మాటగా మిగిలిపోతుంది. ఆ రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టి చూసే పని ఇండెంట్ రాసేవాళ్లకు అప్పగించాలి. మందు లేని రోజుల్ని సగటులోంచి తీసేసి, మందు ఉన్న రోజుల వాడకంతోనే అవసరాన్ని కట్టాలి. కేంద్రం 2024 మార్చిలో పాము కాటు మరణాల్ని 2030కల్లా సగానికి తగ్గించే ప్రణాళిక తెచ్చింది. ప్రతి కాటునూ తప్పనిసరిగా నమోదు చేయించాలని అదే ఏడాది నవంబర్‌లో రాష్ట్రాలను కోరింది. ఎలాగూ నమోదు చేస్తున్నప్పుడు, ఆ ఫారంలో ఇంకొక గడి గీయడానికి పెద్ద ఖర్చు కాదు. 'ఇక్కడ మందు లేక పంపించాం' అని ఆ గడిలో రాయాలి. దాన్ని నింపిన డాక్టర్‌ను సంజాయిషీ అడగబోమని ముందే చెప్పాలి, లేకపోతే ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.