పదో తరగతి బిడ్డ మనసును అడిగి తెలుసుకోండి

2023 ఏప్రిల్ 3న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ప్రారంభమయ్యాయి. ఆ ఏడాది మార్చి 24న రమజాన్ మొదలైంది కనుక మన పిల్లలు ఉపవాస మాసంలోనే పరీక్షలు రాయవలసి వచ్చింది. సహరీ, తరావీహ్‌లతో పాటు హాల్ టికెట్లు, స్టడీ అవర్లు కూడా ఆ ఏడాది మన ఇళ్ళలోకి వచ్చాయి. ఈ సందర్భంలో తల్లిదండ్రులు ఆలోచించవలసిన ఒక విషయాన్ని వారి ముందుంచడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించిన నాటికి ఈ పిల్లలు ఏడో తరగతిలో ఉన్నారు. ఆ తర్వాత తెలంగాణలో వారి ఎనిమిదో తరగతి దాదాపుగా టీవీ ముందే గడిచింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్ళలో పాఠాలు ప్రసారమయ్యాయి. 2021 ఫిబ్రవరి చివరి వారంలో బడికి వెళ్ళిన పిల్లలు సుమారు ఒక్క నెలకే తిరిగి ఇంటిదారి పట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో విడతల వారీగా తెరిచిన తరగతులు కూడా రెండో విడత ఉధృతితో ఆ ఏడాది ఏప్రిల్‌లో మూతపడ్డాయి. బాల్యం నుంచి యౌవనంలోకి అడుగిడే వయసులో, స్నేహితులతో కలిసి ఆడి, అలిగి, మళ్ళీ కలిసిపోవలసిన కాలంలో ఈ పిల్లలు నాలుగు గోడల మధ్య ఉండిపోయారు. అనేక కుటుంబాల్లో ఉన్నది ఒక్కటే ఫోను. అది పనికి వెళ్ళే తండ్రి జేబులో ఉండేది. ఇంట్లో ఉన్నప్పుడు అన్నకు దక్కితే చెల్లెలికి దక్కేది కాదు.

చదువులో ఏర్పడిన లోటును అందరూ గుర్తించారు. మనసుకు కలిగిన లోటును గుర్తించినవారు తక్కువ. రెండో విడతలో కొందరు పిల్లలు తండ్రిని, తల్లిని, తాతయ్యను కోల్పోయారు. అంతిమ స్నానం చేయించే భాగ్యం, జనాజాలో నిలబడే భాగ్యం ఎందరికో కలగలేదు. మృతుల మధ్య వీడ్కోలు లేకుండా మిగిలిపోయిన దుఃఖం పిల్లల్లో కన్నీరుగా కాక కోపంగానో, మౌనంగానో, చదువుపై విముఖతగానో బయటపడుతుంది. నా వద్దకు సాయంత్రం పాఠానికి వచ్చే ఒక బాలుడు, 2021 మే నెలలో తండ్రిని పోగొట్టుకున్నవాడు, మొన్న ఒకనాడు ఇలా అడిగాడు: "హజ్రత్, నేను ఇంకా ఏడుస్తున్నానంటే నా ఈమాన్ తక్కువైనట్లేనా? ఇంట్లో చిన్నాన్న అలా అంటున్నారు."

ఈ ప్రశ్న మన సమాజంలోని చాలా ఇళ్ళలో ఉంది. దుఃఖాన్ని విశ్వాస బలహీనతగా భావించేవారు హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని మరొకసారి చదవాలి. కుమారుని ఎడబాటుకు విలపించి విలపించి ఆయన కన్నులు తెల్లబారాయని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన దైవప్రవక్త, పైగా సహనానికి ప్రతీక. సహనం, కన్నీరు ఒకే హృదయంలో ఉండగలవని ఆ వృత్తాంతం చెబుతోంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ పసికందు ఇబ్రాహీం మరణ సమయంలో కన్నీరు కార్చారు. అబూ ఉమైర్ అనే చిన్నవాని పెంపుడు పిట్ట చనిపోతే ఆ పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలిచి, పిట్ట సంగతి అడిగి పలకరించారు. పెద్దల దృష్టికి అది ఒక పిట్ట, ఆ బిడ్డకు మాత్రం అదే లోకం. బిడ్డ దుఃఖాన్ని బిడ్డ కొలతతోనే కొలవాలని ఈ సంఘటన నుంచి మనం గ్రహించాలి. నేను ఆ బాలునికి ఈ వృత్తాంతాలనే చెప్పాను. వాళ్ళ చిన్నాన్నకు కూడా చెప్పాను.

ఇక పరీక్షల సంగతి. 2020, 2021 సంవత్సరాల్లో పరీక్షలు రద్దయి పదో తరగతి పిల్లలందరూ ఉత్తీర్ణులయ్యారు. 2022లో పరీక్షలు తిరిగి జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 94.88 శాతంగా ఉన్న ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. ఆరు లక్షల పైచిలుకు విద్యార్థుల్లో సుమారు రెండు లక్షల మంది తప్పారు. ఆ రెండు లక్షల మంది ఒక్కసారిగా సోమరులైపోయారని ఎవరైనా అనగలరా? పునాది వేయవలసిన తరగతుల్లో వారికి బడి లేదు. 2023లో పరీక్ష రాసినవారు కూడా అదే నష్టాన్ని మోసినవారే. 2023లో రెండు రాష్ట్రాల్లోనూ ఆరు పేపర్లే ఉండటం కొంత ఊరటనిచ్చింది. అయినా "పక్కింటి అబ్బాయికి పదికి పది వచ్చింది, నీకెంత వస్తుందో చూస్తాం" అనే మాట ఆ పిల్లల మీద మోయలేని బరువు అవుతుంది. తప్పితే సప్లిమెంటరీ ఉంది. 2022లో ఫలితాలు వెలువడిన నెల రోజులకే ఆ పరీక్షలు జరిగాయి. ఈ విషయం ఫలితాల రోజున కాదు, ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే బిడ్డకు చెప్పండి. మార్కులు ఎన్ని వచ్చినా ఈ ఇంటి తలుపు నీకు తెరిచే ఉంటుందని తండ్రి నోటి నుంచి వినడం చాలామంది పిల్లలకు అవసరం.

కొన్ని లక్షణాలను తల్లిదండ్రులు గమనించాలి. నిద్ర బాగా తగ్గడం లేదా మితిమీరడం, అన్నం సహించకపోవడం, కారణం తెలియని తలనొప్పి, కడుపునొప్పి, స్నేహితులకు దూరం కావడం, ఇష్టమైన ఆటపై ఆసక్తి పోవడం, చిన్న మాటకు మండిపడటం వంటివి రెండు వారాలకు మించి కొనసాగితే వైద్యుని సలహా అవసరం. "నేను లేకపోతే మీకే మంచిది" వంటి మాట వినిపిస్తే, ప్రియమైన వస్తువులను ఇతరులకు పంచివేస్తుంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు. ఒంటరిగా వదలరాదు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మృదువుగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన కలుగుతుందనే భయం నిరాధారమని వైద్యులు చెబుతున్నారు. అడిగినవారు దొరకడమే ఆ బిడ్డకు ఉపశమనం.

వైద్యుని వద్దకు వెళ్ళడానికి మనకు అడ్డం వచ్చేది పరువు. హైదరాబాద్ ప్రాంతంలో ఎవరినైనా హేళన చేయాలంటే "ఎర్రగడ్డకు పంపాలి" అంటారు. ఆ పరిహాసం విన్న పిల్లవాడు తన బాధను ఇక ఎవరికీ చెప్పడు. యునిసెఫ్ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, మానసిక సమస్యలకు ఇతరుల సహాయం తీసుకోవడం మంచిదని 21 దేశాల యువతలో సగటున 83 శాతం మంది భావించగా, మన దేశంలో 41 శాతం మందే అలా చెప్పారు. మన పూర్వికుల తీరు ఇది కాదు. క్రీస్తుశకం తొమ్మిది, పది శతాబ్దాలకు చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ, శరీర ఆరోగ్యంతో పాటు మనసు ఆరోగ్యాన్ని గురించి కూడా ఒకే గ్రంథంలో చర్చించారు. భయం, విచారం, ఆగ్రహం, విడువని దురాలోచనలను వేర్వేరుగా వివరించి వాటికి ఉపాయాలు సూచించారు. వ్యాధికి చికిత్స చేయించుకోవాలన్న ప్రవక్త (స) ఆదేశంలో మనసు వ్యాధికి మినహాయింపు లేదు. దుఆ చేయడం, వైద్యం చేయించడం రెండూ కలిసే సాగాలి.

2022 అక్టోబర్ 10 నుంచి కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి.

రమజాన్‌లో పరీక్ష రాసే పిల్లల తల్లులకు కొన్ని సూచనలు. ఈ వయసువారికి రోజుకు ఎనిమిది గంటల నిద్రయినా కావాలి. ఉదయం తొమ్మిదిన్నరకు పరీక్ష కనుక తరావీహ్ తర్వాత ఫోన్లు పక్కన పెట్టించి వెంటనే పడుకోబెట్టండి. తక్కువైన నిద్రను పరీక్ష రాసి వచ్చాక మధ్యాహ్నం భర్తీ చేయించండి. సహరీలో నీళ్ళు, పెరుగు, పండ్లు ఉండేలా చూడండి. మానసిక చికిత్సలో మందులు వాడుతున్న బిడ్డ ఉంటే ఉపవాసం పేరుతో మందు ఆపవద్దు. ముందుగా వైద్యుణ్ణి, ఆ తర్వాత మీ ఆలిమ్‌ను సంప్రదించండి. రోగికి ధర్మం ఇచ్చిన వెసులుబాటును కాదనడం భక్తి అనిపించుకోదు.

ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ వద్ద కుటుంబమంతా కలిసి కూర్చుంటుంది. ఆ వేళ "ఈ రోజు ఎన్ని పాఠాలు పూర్తిచేశావు?" అనే ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, "బేటా, మనసు ఎలా ఉంది?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. మరునాడు మళ్ళీ అడగండి.

అల్లాహ్ మన పిల్లల హృదయాలకు ప్రశాంతతను, వారిని అర్థం చేసుకునే ఓర్పును మనకు ప్రసాదించుగాక. ఆమీన్.