రెండో కొనుగోలుదారు ఎక్కడ?

ఈ మధ్య మన లక్సెట్టిపేట పక్క ఊళ్లలో రెండు రకాల ఆన్‌లైన్ వేలంపాటల ముచ్చట వినబడుతున్నది. ఒకటి మన సరుకు అమ్ముడుపోయే పాట. రెండోది, కిస్తీలు కట్టలేదని ఫైనాన్స్ కంపెనీలు గుంజుకుపోయిన ట్రాక్టర్లు, కోత మిషన్లు అమ్మే పాట. మొదటి దాంట్లో రైతు అమ్మేవాడు, రెండో దాంట్లో కొనేవాడు. రెండింటి గురించీ ఒకే మాట చెబుతున్నారు: మనిషి కూర్చోవాల్సిన పని లేదు, అంతా కంప్యూటరే చూసుకుంటుందని. అది ఏం చూసుకుంటుంది, ఏం చూసుకోదు అన్నది తెలియకుండా ఆ మాట నమ్మితే మునిగేది మనమే.

ముందు ట్రాక్టర్ సంగతి. ఈ పాటల్లో చాలాచోట్ల ఆటో బిడ్ అని ఒక సౌకర్యం ఉంటుంది. మీరు పెట్టగలిగిన గరిష్ఠ మొత్తం ఒకసారి నమోదు చేస్తే, ఎవరైనా మీ మీద పాడినప్పుడల్లా యంత్రమే మీ తరఫున ఒక్కో మెట్టు పెంచుతూ పోతుంది. ఉదాహరణకు ఒక పాత ట్రాక్టర్ పాట రూ. 2,50,000 దగ్గర మొదలైంది, మెట్టు రూ. 5,000 అనుకుందాం. మీరు రూ. 4,00,000 దాకా హద్దు పెట్టిన్రు. అవతలి మనిషి రూ. 3,20,000 దగ్గర ఆగిపోయిండు. యంత్రం మీకు రూ. 3,25,000కు ఖాయం చేస్తుంది. అవతల ఎవరూ లేకపోతే మొదటి ధరకే వస్తుంది. అంటే ధరను తేల్చింది మీరు పెట్టిన నాలుగు లక్షలు కాదు, రెండో మనిషి ఆగిన చోటు. ఈ తీరు పాటల లెక్కను విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే రాసిపెట్టిండు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

ఇక్కడే మోసానికి సందు ఉన్నది. ఆ రెండో మనిషి నిజంగా కొనేవాడా, అమ్మేవాళ్లు కూర్చోబెట్టిన మనిషా అన్నది మీ ఆటో బిడ్‌కు తెలియదు. అతను రూ. 3,90,000 దాకా ఎగదోస్తే మీ యంత్రం మారు మాట్లాడకుండా రూ. 3,95,000 పాడి, మీరు గెలిచిన్రని మెసేజ్ పంపుతుంది. ఎదురుగా నిలబడి పాడే పాటలో అవతలివాని ముఖం చూసి వెనక్కి తగ్గే వీలుండేది. పైగా ఇంజన్ ఎట్లున్నదో యంత్రం చూడదు. ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే అన్న షరతు మీద అమ్ముతరు కాబట్టి తర్వాత అడిగే హక్కు దాదాపు ఉండదు. మెకానిక్‌ను తీసుకపోయి చూపించి, ఆర్‌సీ మార్పిడి, పాత పన్ను బకాయిలు, కంపెనీ వేసే అదనపు చార్జీలు, ఇంటికి తెచ్చుకునే కిరాయి అన్నీ తీసేసినంక మిగిలిన మొత్తమే మీ హద్దు. అది ముందే కాగితం మీద రాసుకోవాలె. ఆఖరి ఐదు నిమిషాలలో హద్దు పెంచినోళ్లే ఎక్కువగా దెబ్బతింటరు. గెలిచినంక డబ్బు కట్టకపోతే ధరావతు పోతుంది.

ఇంకో మాట కూడా అనుకోవాలె. ఆ ట్రాక్టర్ ఎవరిదో రైతుది. పాటలో అది ఎంత అగ్గువకు పోతే అంత బాకీ ఆ పాత యజమాని మెడకే మిగులుతుంది. పాటకు ఒక్కరే వస్తే మనకు అగ్గువే, అవతల ఇంకో ఇంట్లో మాత్రం అప్పు తీరదు. ఈ పాటల వివరాలు అప్పు తీసుకున్న రైతుకు ముందుగా, తెలుగులో, రాతపూర్వకంగా ఇవ్వాలని మనం అడగాల్సిందే.

ఇప్పుడు మన సరుకు దగ్గరికి వద్దాం. ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో మొదలైంది. వాటిలో మన నిజామాబాద్ ఒకటి. 2020 మే నాటికి దేశంలో వెయ్యి మార్కెట్లు చేరినయి. రైతు గేటు దగ్గర నమోదు చేయించుకుంటే రాశికి లాట్ నంబర్ వస్తుంది. నాణ్యత పరీక్ష జరుగుతుంది. ఖరీదుదారులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ధర వేస్తరు. ధర నచ్చకపోతే రైతు కాదనవచ్చు. కాగితం మీద ఇది మంచి పద్ధతే, పాత పద్ధతికి మళ్లీ పోవాలని నేను అనను. చేతి మీద తువ్వాల కప్పి వేళ్లతో ధర తేల్చిన రోజులు మన పెద్దోళ్లకు తెలుసు.

కానీ నలుగురు ఖరీదుదారులు చాయ్ దగ్గర ముందే ఒక ధర అనుకొని ఫోన్‌లో అదే కొడితే, కంప్యూటర్ దాన్నే అత్యధిక ధర అని ప్రకటిస్తుంది. దేశంలో చాలా మార్కెట్లలో పాట నోటితోనే ముగించి, తర్వాత ఆ ధర పోర్టల్‌లో ఎక్కించే అలవాటు ఉన్నది. జెండా పాట మాట కూడా అంతే. వరంగల్ ఎనుమాములలోనో ఖమ్మంలోనో జెండా పాట ఇంత పలికిందని పేపర్లో వస్తుంది. ఆ ధర ఒకటి రెండు మేలు రాశులకే, మిగతా రైతుల తక్‌పట్టీలు వేరే కథ చెబుతయి.

ధర పెంచేది నిజమైన రెండో కొనుగోలుదారు. ఒంగోలు పొగాకు రైతులను అడగండి. అక్కడ వేలం ఎలక్ట్రానిక్ పద్ధతికి మారినంక కూడా బేళ్లు నో బిడ్ అయి ఇంటికి తిరిగివచ్చినయి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను పాటలోకి దింపింది పోటీ లేదనే కదా. మన పత్తి సంగతీ ఇదే. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర రూ. 8,110. సీసీఐ కొంటున్నన్ని రోజులు ప్రైవేటు వ్యాపారి కూడా కొంత దారికి వస్తడు. తేమ 12 శాతం దాటిందని, కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ దొరకలేదని రైతు వెనక్కి మళ్లిన రోజు వ్యాపారి చెప్పిందే ధర.

యంత్రాలను వాటి మానాన వదిలేస్తే ఏమైతదో 2011లో అమెరికాలో నవ్వులాట అయింది. అమెజాన్‌లో ఇద్దరు అమ్మకందారుల ప్రోగ్రాములు ఒకదాన్ని చూసి ఒకటి ధర పెంచుకుంటూ, ఈగల మీద రాసిన ఒక శాస్త్ర పుస్తకాన్ని 2 కోట్ల 36 లక్షల డాలర్లకు తీసుకపోయినయి. ఆ ధరకు కొన్నోడు లేడు. అక్కడ ధర పైకి పోయింది కాబట్టి నవ్వుకున్నరు. రేపు ఖరీదుదారుల ఫోన్లలో అసుంటి ప్రోగ్రాములు చేరి, ఒకదాన్ని చూసి ఒకటి కిందికి దిగితే నవ్వేటోడు ఎవరు?

అందుకే మార్కెట్ కమిటీల ముందు మన డిమాండ్లు యాప్ ఎంత బాగున్నదన్న దాని మీద కాకుండా, పాటలో ఎవరున్నరన్న దాని మీద ఉండాలె. ప్రతి తక్‌పట్టీ మీద ఆ లాట్‌కు ఎంతమంది ధర వేసిన్రో, రెండో ధర ఎంతో అచ్చు వేయాలె. ఒక్కరే పాడిన లాట్‌ను మర్నాడు మళ్లీ పాటకు పెట్టాలె, ఆ రాత్రి గోదాం కిరాయి రైతు మీద వేయొద్దు. మద్దతు ధర ఉన్న పంటకు పాట ఆ ధర దగ్గరనే మొదలు కావాలె. ధర కాదనే హక్కు ఉన్నదని గేటు దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలె. ఖరీదుదారు ఆటో బిడ్ వాడితే ఆ సంగతి రికార్డులో ఉండాలె, అడిగిన రైతుకు చూపించాలె. అప్పటిదాకా మార్కెట్‌కు పోయే ప్రతి సభ్యుడు తన తక్‌పట్టీ నకలు ఒకటి మన మండల కమిటీకి ఇవ్వగలరు. ఒక సీజన్ కాగితాలు దగ్గర ఉంటే ఎవరు ఎన్నిసార్లు ఒంటరిగా పాడిన్రో మనమే లెక్క తీయవచ్చు.