అంచు మిగిలిన చీర

గద్వాల చీరను ఎరుగని తెలుగు ఇల్లాలు అరుదు. కాని ఆ చీర నేతలో ఇమిడియున్న వివేకమును గూర్చి తలపోయువారు అంతకన్నను అరుదు. నడుమ భాగమంతయు నూలు, అంచులును కొంగును పట్టు. ఈ అంచుకొక నాడె, నడిమి భాగమునకొక నాడె, ఆవలి అంచునకు వేరొక నాడె నడపుచు, పేకలు కలియుచోట ఒకదానితోనొకటి పెనవైచి, కొంగు మొదలగుచోట నూలు పడుగుపోగులకు పట్టుపోగులను ఒక్కొక్కటిగా చేతితో అతికి, నేతగాడు దానిని ఒక్క వస్త్రముగా నిలుపును. మండుటెండల పాలమూరు సీమలో దేహమునకు హితమైనది నూలు, పండుగకు శోభనిచ్చునది పట్టు. ఈ రెంటిని కూర్చుటయే ఈ నేత ప్రయోజనమని సాధారణముగా చెప్పుదురు. అది నిజమే. అయితే ఈ కూర్పునకు మరియొక ఫలము కలదు. కట్టి, ఉతికి, ఆరవేయుచుండగా నూలు భాగము ముందు జీర్ణించును. దట్టముగా నేసిన అంచును, కొంగును అటుపిమ్మటను చాలకాలము చెక్కుచెదరక నిలుచును. అనగా చీర ఒక్కసారిగా చావదు.

ఈ సంగతి మన పూర్వపు గృహిణులకు బాగుగా తెలియును. చిరిగిన చీర అంచును కత్తిరించి సాదా చీరకు కుట్టించుకొనుట, కొంగుతో రవికయో, పెరుగుచున్న ఆడపిల్లకు పరికిణీయో కుట్టించుట, ఉతికి ఉతికి వెన్నవలె మెత్తబడిన నూలు భాగమును పసిబిడ్డకు ఉయ్యాలగాను పొత్తిళ్లుగాను వాడుట, అవియు అయిన పిమ్మట నాలుగైదు చీరలను పొరలుగా పరచి, కంటికింపైనదానిని పైకి వచ్చునట్లు ఎంచి, వరుసలు వరుసలుగా చేతికుట్టు వేసి బొంత కుట్టుకొనుట, కట్టకడపట మిగిలిన పీలికను వంటింటి మసిగుడ్డగా చేసికొనుట, ఇదంతయు ఆ ఇండ్లలో ఎవరును ఎవరికిని ప్రత్యేకముగా నేర్పవలసిన విద్య కాదు. నాగర్‌కర్నూలు జిల్లాలో అచ్చంపేట, అమ్రాబాద్ ప్రాంతములందలి తండాలలో లంబాడీ స్త్రీలు గుడ్డముక్కలను ముక్కకు ముక్క చేర్చి, అద్దములు పొదిగి, రంగు దారములతో కుట్టు పరచి చేయు వస్తువులను చూచినవారికి, దీనిని పేదరికపు గుర్తుగా భావించుట ఎంత పొరపాటో తెలియగలదు. ఏ రంగు ప్రక్కన ఏ రంగు నిలువవలెనో నిర్ణయించు చేయి కళాకారుల చేయియే.

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలో 1896లో జన్మించి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను రచించునపుడు, రాజుల యుద్ధములకన్న ప్రజల కట్టుబొట్టులకును తిండితిప్పలకును ఎక్కువ చోటిచ్చిరి. జాతి ఏమి కట్టినదో తెలిసిననే గాని ఆ జాతి తెలియదని నమ్మినవారాయన. నేటి మన కాలమును గూర్చి అట్టి గ్రంథము వ్రాయబూనువారు, మనము కట్టినదానికన్న పారవేసినదానిని గూర్చియే ఎక్కువ పుటలు వ్రాయవలసివచ్చునేమో యని నాకు భయము.

ఏలయనగా నేడు వస్త్రమునకు రెండవ జీవితము లేకుండుట దాని పుట్టుకలోనే నిర్ణయమగుచున్నది. నూలును పాలిస్టరును కలిపి నేసిన గుడ్డను తిరిగి విడదీయుట మిక్కిలి కష్టము. అది ఉయ్యాలకు మెత్తబడదు, మసిగుడ్డగా నీటిని చక్కగా పీల్చుకొనదు, మట్టిలో వేసినను పూర్తిగా కుళ్లదు, ఉతికిన ప్రతిసారియు కంటికి కానరాని ప్లాస్టిక్ పోగులను నీటిలోనికి విడుచును. వస్త్రములకై వాడబడు పదార్థములో తిరిగి నూతన వస్త్రముగా మారునది నూటికొక పాలైనను లేదని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో అంచనా వేసినది. తక్కినది ఎక్కడికి పోవునో తెలిసికొనగోరువారు ఘానా దేశపు అక్రాలోని కాంటమాంటో బజారును, చిలీ దేశపు అటకామా ఎడారిలోని బట్టల గుట్టలను గూర్చి చదువవచ్చును.

పాలమూరు సీమలోని జిల్లాలవారికి ఇది దూరదేశపు ముచ్చట కాదు. ఈ నడిగడ్డ పత్తి విత్తనోత్పత్తికి పేరుగాంచినది. విత్తన పత్తి చేలలో పూవు పూవునకు చేతితో పుప్పొడి అద్ది క్రాసింగ్ చేయు కూలీల శ్రమను చూచినవారు నూలు దారమును చులకనగా చూడజాలరు. ఒక్క నూలు చొక్కా వెనుక పైరు మొదలుకొని అద్దకము వరకు సుమారు 2,700 లీటర్ల నీరు వ్యయమగునని లెక్క కట్టినారు. నీటికై తరతరములుగా అలమటించి, పనికై దేశదేశములు వలసపోయిన సీమ ఇది. ఇచ్చట ఒక చొక్కా ఆయువు రెండేండ్లు పెరిగినచో అది చిన్న సంగతి కాదు.

జరీ చీరల విషయమున మరియొక దుఃఖము కలదు. పాత పట్టుచీరలు కొందుమని వీధులలో కేకవేయుచు వచ్చువారికి చాలమంది తల్లులు తమ పెండ్లినాటి చీరలను తూచి అమ్మివేయుదురు. అటు చేరిన జరీ చీరలను కాల్చి వెండిని వేరుచేయుదురు. నెలల తరబడి నేసిన పనితనము ఒక్క గడియలో బూడిదయగును. ఆ వర్తకులను నేను నిందింపను, వారిది వారి బ్రతుకుతెరువు. కాని అంచు గట్టిగా నున్న చీరను అగ్నికి ఆహుతిచేయుటకు ముందు దానికి వేరొక దారి చూపు తావు గద్వాలలోనే లేకుండుట శోచనీయము.

దానమను పేరుతో జరుగునదానిని గూర్చియు ఒక్కమాట చెప్పవలెను. గుండీలు లేని చొక్కాలను, జిప్పు తెగిన పంట్లాములను మూటగట్టి నల్లమల చెంచుపెంటలకు పంపువారు తమ ఇంటి భారమును అడవికి దించుచున్నారేగాని దానము చేయుటలేదు. 1999లో స్థాపింపబడిన గూంజ్ సంస్థ పట్టణములందలి పాత బట్టలను గ్రామస్థులు తమ ఊరికి చేసికొన్న పనికి ప్రతిఫలముగా అందించుచున్నది. పుచ్చుకొనువారి గౌరవమును ముందుంచిన ఆ పద్ధతి మనకు అనుసరణీయము. ఇచ్చుటకు ముందు ఉతికి, గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చుట మన చేతనగు కనీస మర్యాద.

ప్రభుత్వమునకును ఇందు బాధ్యత కలదు. 2017 మొదలుకొని కొన్నేండ్లు బతుకమ్మ పండుగకు పంచిన చీరలు అధికభాగము సిరిసిల్ల మరమగ్గములపై పాలిస్టరుతో నేసినవి. ఆ పని సిరిసిల్ల కార్మికులకు అన్నము పెట్టినది. దానిని తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. కాని లక్షలకొలది చీరలను ప్రజాధనముతో కొనునపుడు, పదేండ్ల తరువాత ఆ చీర ఏమగునను ప్రశ్నయు టెండరులో ఒక నిబంధనగా నుండవలెను. నూలుతో నేయించినచో ఖర్చు పెరుగును, నిజమే. అయినను ఆ చీర బొంతయై మరి కొన్ని చలికాలములు గడపును.

చేయదగినది చాల ఖర్చుతో కూడినదియు కాదు. గద్వాల, రాజోలి, అయిజ, అమరచింత, కొత్తకోట, ఇవన్నియు మగ్గములెరిగిన ఊళ్లే. అచ్చటి నేత సంఘములు పాత గద్వాల చీరను పరిశీలించి, అంచును కొంగును కత్తిరించి, చేనేత నూలు గుడ్డను కొత్తగా జతచేసి ఇచ్చు పనిని ఒక నిర్ణీత వెలకు చేపట్టవచ్చును. దానివలన కొత్త నూలు గుడ్డ నేయువారికిని పని దొరకును. పాఠశాల పిల్లల ఏకరూప దుస్తులు కుట్టుచున్న మహిళా సంఘములకు కుట్టుయంత్రములు ఇదివరకే కలవు. బడులు తెరచిన తరువాత ఆ యంత్రములు ఖాళీగా నుండు మాసములలో బొంతలు, సంచులు, పరికిణీలు కుట్టించవచ్చును. తండాల కుట్టుపనివారిని వేతనమిచ్చి ఉపాధ్యాయినులుగా పిలువవలెను. దసరాకు ముందు ఇండ్లు దులిపి పెట్టెలు తెరచు రోజులలోనే పాత చీరలు బయటపడును గనుక, వానిని సేకరించు కేంద్రము మొదట గద్వాలలో, పిదప వనపర్తిలోను నాగర్‌కర్నూలులోను భాద్రపదము నాటికే తెరువబడవలెను.