రెండో పెళ్ళికి కథ అక్కర్లేదా?

"ఈ వెస్టర్న్ రొమాన్సులన్నీ ఒకటే మూసండీ" అని నవ్వేవాళ్ళకి ఓ మాట. జానెట్ ఓక్ 1979లో రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' చూడండి. బండి కట్టుకుని పడమటికెళ్తుంటే మార్టీ భర్త పోతాడు. తల్లిలేని పిల్లున్న క్లార్క్‌ని గత్యంతరం లేక చేసుకుంటుంది. గాయం మానడం, దేవుడిమీద నమ్మకం, ప్రేమ, అన్నీ మెల్లగానే. మూసే, ఒప్పుకుంటా. కానీ అందులో కథంతా ఆవిడ మనసుదే.

మరి మనమో? మా పెద్దాపురానికి దగ్గర్లోనే, రాజమండ్రిలో, 1881 డిసెంబర్ 11న వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం చేయించారు. వధువు గౌరమ్మ. ఆయన శాస్త్రాలు చూపించి వాదించిన సంగతి అందరికీ తెలుసు. గౌరమ్మ ఆ కొత్తింట్లో మళ్ళీ ఎప్పుడు నవ్విందో ఊహించిన నవల మాత్రం నాకింతవరకూ కనపళ్ళేదు. ఆయనకి విగ్రహాలు, ఆవిడకి ఓ తారీఖు! ముందు ఆవిడ కథొకటి రాద్దాం, తర్వాత తీరిగ్గా మూసని వెక్కిరిద్దాం.