గురువు స్థానంలో లఘువు

మనం బానెట్ అని పిలుచుకొనే ఇంజను మూతను అమెరికావారు హుడ్ అంటారు. మన మాట బ్రిటిషువారి నోటినుండి వచ్చింది. పేరు ఏదైనా, పాత పికప్ ట్రక్కుకు హుడ్ ఎక్కించే విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉన్నది. తెలుగు పండితుడికి బండి రేకులతో పనేమిటని నవ్వేవారు నవ్వవచ్చును. కాని ముప్ఫయి ఏళ్ళు ఛందస్సు చెప్పినవాడికి బరువును గురించి మాట్లాడే అర్హత కొంత ఉంటుంది.

ఫోర్డ్ సంస్థ 1903లో పుట్టింది. తన యాభయ్యవ ఏట, అంటే 1953లో, ఎఫ్-100 అనే పికప్‌ను సరికొత్త ఆకృతిలో వెలువరించింది. 1956 వరకు సాగిన ఆ ఆకృతి అంటే అక్కడి పాతబండ్ల ప్రియులకు నేటికీ ప్రాణం. దాని ఉక్కు హుడ్ విశాలమైనది, బరువైనది. ఒక్కడు ఎత్తి అమర్చదగినది కాదు.

ఎక్కించే పద్ధతి చూడదగినది. ముందుగా అద్దం కింది భాగం మీద, రెక్కల మూలల మీద దుప్పట్లు కప్పుతారు. చెరొక వైపున ఒకరు నిలిచి, హుడ్‌ను ఎత్తి, కీళ్ళ మీదికి తెస్తారు. బోల్టులను వేళ్ళతో తిరిగేంత మాత్రమే బిగిస్తారు. బోల్టు రంధ్రాలు కోలగా ఉంటాయి కనుక హుడ్‌ను ముందుకు, వెనుకకు జరపవచ్చు. మెల్లగా దించి, అంచుల సందులు రెండు వైపులా సమంగా ఉన్నాయా అని చూస్తారు. మళ్ళీ ఎత్తుతారు, వెంట్రుకవాసి జరుపుతారు, మళ్ళీ దించుతారు. సందులు కుదిరిన తరువాతనే బోల్టులకు తుది బిగింపు. తొందరపడి ధడాలున మూస్తే వెనుక మూలలు తగిలి రంగు పెచ్చులూడుతుంది, రేకు వంగుతుంది.

ఇంత శ్రమ ఎందుకని ఇప్పుడు ఫైబర్‌గ్లాసు హుడ్లు వచ్చినవి. అవి తేలిక, తుప్పు పట్టవు. శీతకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాలలో ఇది చిన్న లాభమేమీ కాదు. అయితే ఒక చిక్కున్నది. కీళ్ళ దగ్గర ఉండే బలమైన స్ప్రింగులు ఉక్కు బరువును లెక్కించి చేసినవి. ఆ స్ప్రింగుల మీదనే తేలిక మూత పెడితే, అవి దానిని పైకి తన్నుతూ ఉంటాయి. మూత వంగవచ్చు, కీళ్ళ దగ్గర పగుళ్ళు ఇవ్వవచ్చు. అప్పుడు స్ప్రింగులనూ మార్చాలి. అంటే ఆ బండికి బరువు శత్రువు కాదు, సమతూకంలో ఒక పక్షం.

సంస్కృతంలో గురువు అంటే బరువైనది అనే అర్థం కూడా ఉన్నది. శార్దూల పద్యపాదంలోని మొదటి గురువును తీసి అక్కడ రెండు లఘువులు పెట్టి చూడండి. పద్యం చెడదు, మత్తేభం అవుతుంది. మత్తేభం గొప్ప వృత్తమే. కాని దానిని శార్దూలమని పిలవకూడదు. తేలిక హుడ్ వేసుకొన్న బండి కూడా అంతే. హాయిగా నడుపుకోండి, ఎవరూ కాదనరు. 'యథాతథంగా పునరుద్ధరించితిమి' అని మాత్రం చెప్పకండి. మన దేశంలోనూ 2021లో వచ్చిన నిబంధనలు యాభై ఏళ్ళు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న వాహనాన్నే వింటేజ్ వాహనంగా గుర్తిస్తాయి. దాని నంబరులో 'వీఏ' అనే అక్షరాలు చేరుస్తారు.

ఇంతవరకు వ్యాకరణం. అసలు బాధ వేరే ఉన్నది. ఒహాయోలో మా అబ్బాయి ఉండే వీధిలో డెబ్బయి దాటిన పెద్దమనిషి ఒకరు ఇటువంటి బండినే బాగుచేసుకొంటున్నారు. అసలు ఉక్కు హుడ్ తుప్పు లేకుండా గోడకు ఆనించి ఉన్నది. అయినా ఆయన ఫైబర్‌గ్లాసుది తెప్పించుకొన్నారు. కారణమడిగితే, "రెండో కొస పట్టుకొనేవారు లేరండీ" అన్నారు. ఆ మాటకు నా నోట మాట రాలేదు. ఆ శనివారం మా అబ్బాయి, ఎదురింటి కుర్రవాడు వెళ్ళి చెరొక వైపు పట్టారు. సందులు కుదిరేసరికి పూట గడిచింది.

మన పల్లెల్లో ఇంటికి దూలమెత్తేటప్పుడు ఎవరినీ బ్రతిమాలవలసిన పని ఉండేది కాదు. కేక వేస్తే నలుగురు వచ్చి తలో చెయ్యి వేసేవారు. దూలం బరువైనది కనుకనే నలుగురు కలిసేవారు. నేడు మనం కూడా ఒంటిచేత్తో అయ్యే వస్తువులనే కొనుక్కొంటున్నాము, ఒంటిచేత్తో సాగే బ్రతుకులనే కోరుకొంటున్నాము. తేలికదనాన్ని సౌకర్యమంటున్నాము. అందులో కొంత సౌకర్యమే, కాదనను. కాని కొంత మాత్రం పక్కింటివారిని పిలవడానికి మొగమాటం.

కనుక నా అభిప్రాయమిది. తుప్పు తినేసిన హుడ్‌కు మారుగా తేలికది వేస్తే తప్పు లేదు, స్ప్రింగులూ మార్చుకోండి. నడుము సహకరించక వేసుకొన్నా తప్పు లేదు. మంచి ఉక్కు హుడ్ ఉండి కూడా, మనిషి దొరకక దానిని మూలకు చేర్చవలసి వస్తే, ఆ లోపం ఆ బండిది కాదు, ఆ వీధిది. మీ వీధిలో అటువంటి బరువేదైనా గోడకు ఆనించి ఉన్నదేమో ఒకసారి చూడండి. అడిగేదాకా ఆగకండి.