మోటారు బీమా: బిల్లు ఒకటి, చెల్లింపు ఒకటి



నేను చెన్నపట్నములో చాలకాలముగా మోటారు వాహనముల నష్టమును అంచనా వేయు సర్వేయరుగా పనిచేయుచున్నాను. తాతల నాడే ఈ ఊర స్థిరపడిన తెలుగు కుటుంబము మాది. మనవారు కార్లు కొనుట హెచ్చినది గాని బీమా పత్రము చదువుట హెచ్చలేదు. అందువలన కలుగుచున్న నష్టమును తమ పత్రిక ద్వారా మనవి చేయుచున్నాను.

“షాపువాడు ఇంత బిల్లు వేసినాడు; కంపెనీ ఇంతే ఇచ్చినది; మధ్యలో సర్వేయరు కోసినాడు” అనునది నేను నిత్యము వినెడి మాట. కోతలో అధిక భాగము పత్రములోనే వ్రాసియున్నది. సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగములకు, టైర్లకు, బ్యాటరీకి సగము తరుగుదల. అద్దమునకు తరుగుదల లేదు. ఇనుప భాగములకు బండి వయస్సును బట్టి తరుగుదల: ఆరు నెలల లోపు ఏమియు లేదు, నాలుగేండ్లు దాటి ఐదేండ్ల లోపు నూటికి 35, పదేండ్లు దాటినచో 50.

నాలుగున్నర యేండ్ల చిన్న కారును తీసుకొందము. బంపరు 10,000, తలుపు 20,000, అద్దము 6,000, కూలి 8,000, రంగు 12,000. పన్నులు విడిచి మొత్తము 56,000 రూపాయలు. బంపరుకు 5,000, తలుపుకు 13,000, అద్దమునకు, కూలికి పూర్తిగా వచ్చును. రంగు బిల్లులో నాలుగవ వంతును సరకు ఖరీదుగా లెక్కించి అందులో సగము తీసివేయుదురు, 10,500 వచ్చును. యజమాని విధిగా భరింపవలసిన 1,000 పోగా చేతికి వచ్చునది 41,500. తక్కిన 14,500 ఎవరును దొంగిలింపలేదు. తరుగుదల లేని అదనపు రక్షణకు ముందే ప్రీమియము కట్టియున్న యెడల ఇందులో చాలభాగము మిగిలెడిది. ఈ మాట పాలసీ అమ్మునాడు చెప్పవలసినది.

2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోను మునిగిన కార్ల సంగతి ఇంకను విచారకరము. నీరు తీసిన వెంటనే తాళము త్రిప్పినచో సిలిండరులో నిలిచిన నీరు అణగదు. కనెక్టింగు రాడ్డు వంగును. వరద వలన వచ్చిన నష్టము వేరు, తాళము త్రిప్పుట వలన వచ్చినది వేరు అని కంపెనీలు వాదించును. కనుక మునిగిన బండిని స్టార్టు చేయక, ఫోటోలు తీసి, కట్టి లాగించుకొని పోవలెను.

అట్లని సర్వేయరు మాటయే వేదము కాదు. 1938 నాటి బీమా చట్టమునకు 1968లో చేర్చిన 64 యు.ఎం. సెక్షను మా లైసెన్సులకు ఆధారము. కాని మాకు ఫీజు ఇచ్చునది కంపెనీయే. ఇది మరువరాదు. సర్వేయరు నివేదిక తుది తీర్పు కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పినది. అంచనా అన్యాయమని తోచినవారు మొదట కంపెనీకి వ్రాతమూలకముగా తెలుపవలెను. నెలలోగా న్యాయము జరుగనిచో చెన్నైలోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండ ఫిర్యాదు చేసికొనవచ్చును.

ఇప్పుడు చిన్న నష్టములను సెల్‌ఫోను ఫోటోలతోనే తేల్చుట వాడుకైనది. పని త్వరగా ముగియుట మంచిదే. అయితే బంపరు వెనుక వంగిన ఇనుము ఫోటోలో కనబడదు. విప్పిన తరువాత మరల చూడుమని యజమాని పట్టుబట్టవలెను.

నా మనవి రెండే. నివేదిక నకలు అడుగకుండగనే యజమానికి చేరవలెను. కోత ఎందుకు వేసినదియు అతనికి తెలిసిన భాషలో, తెలుగో తమిళమో, ఒక్క పుటలో వ్రాసి ఈయవలెను. మా వృత్తివారిలో కొందరికి ఇది రుచింపదు. కాని లెక్క దాచవలసిన పని లేనివానికి దానిని చూపుటలో నష్టమేమున్నది?

ఇట్లు,
ఒక మోటారు సర్వేయరు,
చెన్నై